కుక్కపిల్లల మిల్లు – అమ్మమ్మల బొంతలు

మిల్లు అనగానే మన తెలుగువాళ్ళకు రైసుమిల్లు గుర్తొస్తుంది, లేకపోతే నూలుమిల్లు. ఒకవైపు ధాన్యం పోస్తే మరోవైపు బియ్యం రాలతాయి. యంత్రం ఆగకుండా తిరిగితేనే యజమానికి లాభం. ఈ దేశంలో కుక్కపిల్లలకు కూడా మిల్లులున్నాయని మన సంఘంలో చాలామందికి తెలియదు. ఇక్కడివాళ్ళు వీటిని పప్పీ మిల్లులంటారు. బోర్డు మీద ఆ పేరు ఎవరూ రాసుకోరు. కెన్నెల్ అనో, ఫామ్ అనో ఉంటుంది. లోపల జరిగేది మాత్రం మిల్లు పనే.

మన ఊళ్ళలో కుక్కను డబ్బిచ్చి కొన్నామంటే వీధి వీధంతా నవ్వేది. గడ్డివాము చాటున ఈనిన కుక్క పిల్లల్లో ఒకదాన్ని పిల్లలు చంకనెత్తుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు. అమ్మ కేకలేసేది. నాలుగు రోజులు పోయాక ఆ అమ్మే చద్దన్నం ముద్ద పెట్టేది. రాజు అనో, టామీ అనో పేరు పడేది. అది ఏ ఒక్కరి కుక్కా కాదు, వీధి మొత్తానిది. ఇక్కడ కథ వేరు. పిల్లవాడి పుట్టినరోజుకో, అమ్మాయికి మంచి గ్రేడులు వచ్చినందుకో, క్రిస్మస్ సెలవుల్లోనో వేల డాలర్లు పోసి ముద్దులొలికే పిల్లను కొంటాం. దాని జాతి అడుగుతాం, రంగు అడుగుతాం, టీకాల కాగితాలు అడుగుతాం. దాని తల్లి ఎక్కడుందని మాత్రం అడగం.

ఈ వ్యాసం ఆ తల్లి గురించి. ఆమెలాంటి వాటిని విడిపించి, బాగుచేసి, ఇళ్ళలో చేర్చేవారికి మన తెలుగు కుటుంబాలు ఏం చెయ్యగలవో దాని గురించి కూడా.

బోనులో బతుకు

రెండో ప్రపంచ యుద్ధం తరవాతి కాలంలో మధ్య పశ్చిమ రాష్ట్రాల రైతులు కొందరు, పంటలు గిట్టుబాటు కాక, కోళ్ళఫారాల పద్ధతిలోనే కుక్కలను పెంచి అమ్మడం మొదలుపెట్టారు. మిస్సోరి రాష్ట్రం చాలాకాలంగా ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ పేరు కూడా తరచు వినిపిస్తుంది.

ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుంది. 63 రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. మిల్లులో ప్రతి ఎదకూ దాన్ని చూలు కట్టిస్తారు. పిల్లలు ఎనిమిది వారాలకు అమ్మకానికి వెళ్ళిపోతాయి, తల్లి బోనులోనే ఉంటుంది. ఐదారేళ్ళు ఇలా గడిచాక ఈతకు పిల్లల సంఖ్య తగ్గుతుంది. అప్పుడు దానికి పెట్టే తిండి కూడా యజమానికి దండగే. వేలంలో అమ్మేస్తారు, ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తారు, లేకపోతే చంపేస్తారు.

మరి చట్టం లేదా అంటారా? ఉంది. 1966లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన జంతు సంక్షేమ చట్టం మొదట ప్రయోగశాలలకు వెళ్ళే జంతువుల కోసం వచ్చింది, తరవాత దాని పరిధి పెరిగింది. వ్యవసాయ శాఖవారు లైసెన్సులిచ్చి తనిఖీ చేస్తారు. అయితే ఆ చట్టం అడిగే కనీసపు చోటు ఎంతో లెక్క కట్టి చూడండి. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు కుక్క పొడవు కొలిచి, దానికి ఆరంగుళాలు కలిపి, ఆ సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చవేయాలి. రెండడుగుల పొడవున్న కుక్కకు రెండున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బోను సరిపోతుంది. మనం పేకాటకు వేసుకునే మడతబల్ల అంతకంటే పెద్దది. ఎత్తు, తలకు పైన మరో ఆరంగుళాలు. ఒక్కచోట ఎన్ని కుక్కలను పెంచవచ్చో కేంద్ర చట్టంలో పరిమితి లేదు. నాలుగు లేక అంతకంటే తక్కువ ఈనే కుక్కలున్నవారికి లైసెన్సు అక్కరలేదు. ఇంటర్నెట్‌లో ఫోటో చూపించి అమ్మేవారు 2013 వరకు ఈ తనిఖీల వలలో పడనేలేదు.

కొన్ని రాష్ట్రాలు ముందుకు వచ్చాయి. పెన్సిల్వేనియా 2008లో, పెద్ద కెన్నెళ్ళలో ఎదిగిన కుక్కలను తీగల నేల మీద ఉంచకూడదని, బోను మీద బోను పేర్చకూడదని చట్టం చేసింది. మిస్సోరిలో 2010 నవంబరులో జనం ఓటువేసి, ఒక్కరి దగ్గర యాభైకి మించి ఈనే కుక్కలుండరాదన్న నిబంధనను గెలిపించారు. మరుసటి ఏడే అక్కడి శాసనసభ ఆ యాభై పరిమితిని తీసేసింది. ఇంకోవైపు దుకాణాల దారి మూసే ప్రయత్నాలు జరిగాయి. దుకాణాల్లో కుక్కపిల్లల వ్యాపారాన్ని ఆపిన చట్టం కాలిఫోర్నియాలో 2019 నుంచి, మేరీలాండ్‌లో 2020 నుంచి, న్యూయార్క్‌లో 2024 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. టెక్సస్‌లో డల్లాస్ నగరం 2022లో అటువంటి నిబంధనే చేసుకుంది.

విడుదలయ్యాకే అసలు ఖర్చు

టీవీలో చూపించేది బోను తలుపు తెరిచే దృశ్యం. ఖర్చు మొదలయ్యేది ఆ కెమెరా వెళ్ళిపోయిన తరవాత.

2007లో టెరీసా స్ట్రేడర్ అనే ఆవిడ మిస్సోరిలో జరిగిన ఒక కుక్కల వేలానికి వెళ్ళి, లిలీ అనే ఇటాలియన్ గ్రేహౌండ్‌ను తెచ్చుకున్నారు. దాని వయసు ఏడేళ్ళు. పళ్ళు చూసేవారు లేక పుచ్చి పుచ్చి, చివరకు దవడ ఎముకే పాడైపోయింది. లిలీ ఆ తరవాత బతికింది ఏడాది పైచిలుకు. ఆ ఒక్క కుక్కను చూసిన బాధతోనే ఆమె కొలరాడోలో నేషనల్ మిల్ డాగ్ రెస్క్యూ అనే సంస్థను పెట్టారు. ఇప్పటికి వేల కుక్కలు ఆ సంస్థ ద్వారా బయటపడ్డాయి.

లిలీది అరుదైన కథ కాదు. మిల్లు నుంచి వచ్చిన తల్లికి సాధారణంగా ఏమేం చెయ్యాలో మా ఊరి షెల్టరులో నేను ఒక జాబితా చూశాను. అట్టకట్టిన బొచ్చు గొరగాలి. మెలితిరిగి పాదంలోకి గుచ్చుకుంటున్న గోళ్ళు తియ్యాలి. తీగల నేల మీద నిలబడి నిలబడి పుండ్లు పడ్డ పాదాలకు కట్టు కట్టాలి. చెవుల్లో చీము, కడుపులో పురుగులు, పొదుగు దగ్గర గడ్డలు చూడాలి. పళ్ళు పదీ పదిహేనూ పీకవలసి రావచ్చు. మళ్ళీ ఈనకుండా ఆపరేషను చెయ్యాలి. దోమకాటుతో గుండెలో పెరిగే పురుగు, అదే హార్ట్‌వర్మ్, ఉన్నదంటే మూడు ఇంజెక్షన్లు, నెలల తరబడి కదలకుండా విశ్రాంతి. ఒక్కో కుక్కకు వెయ్యి డాలర్లు దాటడం వింతేమీ కాదు. దత్తత తీసుకునేవారు కట్టే రుసుము ఇందులో కొంతభాగానికే సరిపోతుంది. మిగిలినదంతా విరాళాల మీదే నడవాలి.

ఒంటి జబ్బుల కంటే మనసుకు పట్టిన భయం మొండిది. యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ సంస్థకు చెందిన ఫ్రాంక్లిన్ మెక్‌మిలన్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, పెద్ద పెంపకాల నుంచి వచ్చి ఇళ్ళలో చేరిన 1,169 కుక్కల గురించి యజమానులను ప్రశ్నలడిగి 2011లో ఫలితాలు ప్రచురించారు. మామూలు ఇంటికుక్కలతో పోలిస్తే వీటిలో భయం చాలా ఎక్కువని తేలింది. కొన్నిటికి ఆ భయం ఏళ్ళు గడిచినా పోలేదు. మెట్లు చూసి ఎరగవు, పచ్చిక తొక్కి ఎరగవు. గిరగిరా ఒకేచోట తిరుగుతాయి, లేదా బొమ్మలా కొయ్యబారిపోతాయి.

విరాళాలు ఎంత పని చెయ్యగలవో 2022లో దేశమంతా చూసింది. వర్జీనియాలోని కంబర్లాండ్‌లో ఎన్విగో అనే సంస్థ బీగిల్ జాతి కుక్కలను ప్రయోగశాలల కోసం పెంచేది. ఇళ్ళకు అమ్మే మిల్లు కాకపోయినా లోపలి బతుకు అలాంటిదే. ఆ కుక్కలకు పేర్లు లేవు, చెవిలో పచ్చపొడిచిన అంకెలు మాత్రమే. తనిఖీల్లో ఘోరాలు బయటపడ్డాక, కోర్టు అనుమతితో దాదాపు 4,000 కుక్కలను ఆ వేసవిలో బయటకు తెచ్చారు. ఒక్క ఊరి షెల్టరు వల్ల అయ్యే పనా అది? హ్యూమేన్ సొసైటీ ఆధ్వర్యంలో పదుల రాష్ట్రాల షెల్టర్లు తలా కొన్ని పంచుకున్నాయి. ఊళ్ళవాళ్ళు చెక్కులు, దుప్పట్లు, తిండి, మందుల ఖర్చు పంపారు. సెప్టెంబరు మొదటికల్లా ఆ చోటు ఖాళీ అయింది. 2024లో కంపెనీ నేరం ఒప్పుకుని 350 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించింది. అంత డబ్బు కోర్టు ద్వారా తేలింది రెండేళ్ళకు. ఆ వేసవిలో కుక్కల ఆకలి తీర్చింది మాత్రం మామూలు కుటుంబాలు ఇచ్చిన సొమ్మే.

మన సంఘంలో లేచిన ప్రశ్న

ఈ పనికి మన దీపావళి కార్యక్రమంలో ఒక బల్ల వేద్దామని కిందటేడు కమిటీ సమావేశంలో నేను ప్రస్తావించాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరవాత మా అందరికీ పెద్దదిక్కైన ఒక బాబాయిగారు నెమ్మదిగా అన్నారు: "ఏమ్మా, తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టినట్టుంది నీ మాట. మన ఊళ్ళో బడికి పైకప్పు లేదు. వరదొస్తే మనిషికి దిక్కు లేదు. ఇక్కడి కుక్కలకు చందా పోగుచేద్దామంటావా?"

ఆయన మాటను కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. తన ఊరికి మంచినీళ్ళ ట్యాంకు కట్టించిన మనిషి ఆయన. నాకు తోచిన జవాబు ఇది. ఊరికి పంపే డబ్బులో ఒక్క డాలరు కూడా తగ్గించమని నేను అడగలేదు. దానికి వేరే డబ్బా, దీనికి వేరే డబ్బా. రెండోది, మన ఊరి బడి పైకప్పు మనం పడగొట్టింది కాదు, అయినా కట్టిస్తున్నాం. ఈ మిల్లులు మాత్రం మనలాంటి ఇళ్ళవాళ్ళు కొనే పిల్లల మీదే నడుస్తున్నాయి. మన సంఘంలో ఎన్ని ఇళ్ళలో కుక్కలున్నాయో లెక్కపెడితే, వాటిలో కొన్ని తప్పకుండా ఆ బోనుల నుంచి వచ్చినవే అయి ఉంటాయి. అందుకని దీన్ని దానం అనడానికి నాకు మనసొప్పదు. ఇది బాకీ. ఇన్నాళ్ళూ ఆ తల్లులు మోసిన ఖర్చులో కొంచెం తిరిగి కట్టడం.

అప్పుడు మాలో ఒక సాహిత్యాభిమాని భారతం గుర్తుచేశారు. ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్న కథ అందరికీ తెలుసు. కానీ నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే మరో కుక్క ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడ ఆడుకుంటున్న కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొట్టారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. విచారణ లేకుండా బలహీనుల్ని బాధపెట్టేవారికి ఎదురుచూడని ఆపదలొస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. అంత పెద్ద రాజుకూ దిగులు పట్టుకుని, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. తెలుగులో మన ఆదికావ్యం ఒక తల్లికుక్క ఫిర్యాదుతో మొదలవుతుందంటే అది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతే.

బాబాయిగారు పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. "సరే, బల్ల వెయ్యండి. ఊరి డబ్బా మాత్రం ముందు బల్ల మీద ఉండాలి" అన్నారు. అలాగే చేశాం.

బొంతలు

ఎవరేం ఇవ్వాలన్నదాని మీద చిక్కులొచ్చాయి. కుక్కల తిండిలో మాంసం ఉంటుంది గనక కొన్ని ఇళ్ళవాళ్ళు దాన్ని కొనడానికి ఇష్టపడలేదు. బలవంతం ఎందుకు? షెల్టరువాళ్ళు నిత్యం అడిగేవి పాత తువ్వాళ్ళు, దుప్పట్లు, వార్తాపత్రికలు. రోజుకు ఎన్నోసార్లు పక్క మార్చాలి, ఉతకాలి, చినిగితే పారెయ్యాలి. ఎన్ని ఉన్నా చాలవు.

ఆ మాట విన్నది మా ఇంటి పక్కన కూతురి దగ్గరికి ఆరునెలలకు వచ్చిన ఒక అమ్మమ్మగారు. "పాత చీరలున్నాయా?" అని అడిగారు. నేత చీరలు మెత్తబడి కట్టుకోవడానికి పనికిరాకపోయినా పారెయ్యలేక సూట్‌కేసుల్లో దాచుకున్నవాళ్ళం మనలో తక్కువేం కాదు. నాలుగు మడతలు పెట్టి, చుట్టూ దారం వేసి, మధ్యలో వరసలుగా కుట్టి, చిన్న చిన్న బొంతలు చేశారావిడ. ఆవిణ్ణి చూసి మరో ఇద్దరు కూడారు. చలికి బయటకు వెళ్ళలేక, కారు నడపలేక, పిల్లలు ఆఫీసుకు వెళ్తే గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్ళకు అది పనీ అయింది, కాలక్షేపమూ అయింది. వదులు దారాలు, గుండీలు, జరీ లేకుండా చూడమని షెల్టరువాళ్ళు చెప్పారు, కుక్కలు కొరికి మింగితే ప్రమాదమట. జరీ అంచులు కత్తిరించి మళ్ళీ కుట్టారు. రెండు పెద్ద అట్టపెట్టెల నిండా బొంతలు తీసుకెళ్ళి ఇచ్చాం. మన పిల్లలు వాటిని మోసుకెళ్ళారు. షెల్టరులో పనిచేసే అమ్మాయి ఒక బొంతను ముఖానికి ఆనించుకుని, ఇంత మెత్తని గుడ్డ ఎక్కడిదని అడిగింది.

మన సంఘంలోని ఒక కుటుంబం ఇంకో మెట్టు పైకెక్కింది. శాశ్వతంగా ఇల్లు దొరికేదాకా కుక్కను తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకోవడాన్ని ఇక్కడ ఫాస్టరింగ్ అంటారు. వాళ్ళింటికి ఏడేళ్ళ తల్లికుక్క వచ్చింది. ఇంట్లో అత్తగారికి మడీ ఆచారం ఉంది. పూజగది వైపు రాకూడదని, వంటింట్లోకి రాకూడదని ఆవిడ ముందే షరతు పెట్టారు. ఆ భయమే అక్కరలేకపోయింది. ఆ కుక్క భోజనాల బల్ల కింద నుంచి మూడు వారాలు కదలలేదు. గుమ్మం దాటమంటే వణికేది. తెల్లవారుజామున అత్తగారు హాల్లో కూర్చుని లలితా సహస్రనామం చదువుకునే వేళ మాత్రం అది తల పైకెత్తి వినేది. తరవాత తరవాత బల్ల కింద నుంచి ఒక్కో అడుగే ముందుకు జరిగింది. శుక్రవారం నాడు వచ్చిందని దానికి లక్ష్మి అని పేరు పెట్టింది ఆవిడే. చివరకు ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకోనిదీ ఆవిడే. లక్ష్మికి అన్నీ నయమైపోయాయని అనుకోకండి. ఇప్పటికీ మగవాళ్ళ బూట్ల చప్పుడు వింటే బల్ల కిందకు వెళ్ళిపోతుంది. టపాసుల రాత్రి దాన్ని లోపలి గదిలో పెట్టి, పాటలు పెట్టి, పక్కన ఒకరు కూర్చోవాలి.

ఇచ్చే ముందు

విరాళం ఇవ్వదలచిన కుటుంబాలకు నాలుగు మాటలు.

జాలిపడి దుకాణంలోని పిల్లను కొనకండి. ఆ ఒక్క పిల్ల బయటపడుతుంది నిజమే. ఆ ఖాళీలోకి వారం తిరక్కుండా మరో పిల్ల వస్తుంది, మీ డబ్బు మిల్లుకు చేరుతుంది.

సాయం చేసే సంస్థను కూడా ఒక ప్రశ్న అడగండి: కుక్కలను మీరు డబ్బిచ్చి కొంటారా? 2018లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక వెలికితీసిన లెక్కల ప్రకారం, ఎనభైకి పైగా బృందాలు కొన్నేళ్ళలో వేలాల్లో కుక్కలను కొనడానికి 26 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. అది దాతలు ఇచ్చిన డబ్బు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ సొమ్ము పెంపకందార్ల జేబులోకి వెళ్ళింది. వదిలేసిన కుక్కలను, అధికారులు స్వాధీనం చేసుకున్న కుక్కలను తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. వాటికివ్వండి.

లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ప్రభుత్వానికి దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా చూడవచ్చు. జీతాలకెంత, వైద్యానికెంత అన్నది అందులో తెలుస్తుంది. మనలో పెద్ద కంపెనీల్లో పనిచేసేవారు చాలామంది. మనం ఇచ్చినదానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చే పథకం ఉందేమో కనుక్కోండి. ఒక్క ఫారం నింపితే వంద రెండువందలవుతుంది. రసీదు పన్నుల సమయానికి దాచుకోండి.

కుక్కను ఇంటికి తెచ్చుకోదలిస్తే షెల్టరులోని పెద్ద వయసు తల్లిని ఒకసారి చూడండి. అందరూ పిల్లల్నే అడుగుతారు గనక అవి మిగిలిపోతాయి. తెచ్చాక మన వంటలు మాత్రం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, పాయసంలో వేసే కిస్‌మిస్ కుక్కలకు విషం.

ఇండియాకు పంపాలనుకునేవారికి అక్కడా దారులున్నాయి. 1990ల తొలి సంవత్సరాల్లో అక్కినేని అమల హైదరాబాదులో స్థాపించిన బ్లూక్రాస్ ఇప్పటికీ వీధి జంతువుల వైద్యం చూస్తోంది. అక్కడ కూడా జాతికుక్కల మోజు పెరిగింది. పెంపకందార్లు రిజిస్టరు చేసుకోవాలని భారత ప్రభుత్వం 2017లో నిబంధనలు తెచ్చింది.

ఈ దీపావళికి మన బల్ల మళ్ళీ ఉంటుంది, భోజనాల హాలు గుమ్మానికి ఎడమవైపు. బాబాయిగారి ఊరి డబ్బా ముందు, మన డబ్బా దాని పక్కన. డబ్బు ఇవ్వలేనివారు పాత చీరలు తెండి. జరీ అంచులు ఇంట్లోనే కత్తిరించుకు వస్తే అమ్మమ్మలకు శ్రమ తగ్గుతుంది. తాత్కాలికంగా ఒక కుక్కను ఇంట్లో ఉంచుకోగలమనుకునేవారు పేరు రాసి వెళ్ళండి. థాంక్స్ గివింగ్ వెళ్ళి క్రిస్మస్ వచ్చేలోగా మీ పిల్లలు కుక్కపిల్ల కావాలని అడిగితే, కొనేముందు వాళ్ళనే ఒక శనివారం షెల్టరుకు తీసుకెళ్ళండి. తల్లి ఎక్కడుందన్న ప్రశ్న అక్కడ పిల్లలే అడుగుతారు.